తూకం అయినాక వేసిన కొసరు

మా ఆడబిడ్డ కృత్తికకు కాదనడం రాదు. కొందరికి ఈత రానట్టు, కొందరికి సైకిలు రానట్టు, ఈ పిల్లకు ఆ ఒక్క ముక్క నోట పలకదు. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలోనే ఆ సంగతి తెలిసిపోయింది. ఇద్దరం పొల్లాచ్చి నుంచి బస్సులో వస్తున్నాం. కినత్తుకడవుకు ముందు టెంకాయల మూటతో ఒక ముసలాయన ఎక్కి, "కొంచెం పట్టుకో సామీ" అంటూ చంకలోని కోడిపుంజును కృత్తిక ఒళ్ళో పెట్టాడు. కాసేపటికి మూట దించుకుని తానూ దిగిపోయాడు. పుంజును మరిచిపోయాడా అంటే అదీ కాదు. కిటికీ దగ్గరికొచ్చి, "నువ్వే పెంచుకో సామీ, మా ఇంట్లో దీనితో పోరు పడలేము" అన్నాడు. ఈ మహాతల్లి "సరి తాతా" అంది! మేముండే సింగానల్లూరులో దిగేలోపు ఆ పుంజు నా కొత్త చీర మీద చేసిన పని ఇక్కడ రాయను.

అది మొదలు ఎన్ని చూశానో. ఇద్దరు పిన్నమ్మలు పిలిచారని ఒకే మధ్యాహ్నం రెండిళ్ళలో భోంచేసి, సాయంత్రం దాకా మంచం మీద వెల్లకిలా పడుకుంది. గొంతు బొంగురని తెలిసీ, ఎవరో అడిగారని భజనలో పాడి, పాపం ముందు వరసవాళ్ళను లేచిపోయేలా చేసింది. మా అత్తగారు పంకజవల్లి నెత్తి కొట్టుకునేది.

"ఏమి సామీ, దేవుడు నీకు నోరు పెట్టింది సుమ్మా, ఊరికే తినేదానికేనా? వద్దు అని ఒక మాట చెప్పేదానికి ఏమి కష్టం?"

"పాపం, అడిగినారు కదమ్మా" అనేది కృత్తిక.

ఇప్పుడు అసలు వింత చెబుతాను. ఇలాంటి పిల్ల చేసే ఉద్యోగం ఏమిటో తెలుసా? కాదనడమే! నిజం. పొద్దున లేచింది మొదలు కాదనడం ఎలాగో కంప్యూటర్‌కు నేర్పడమే తన పని.

నాకు అర్థమైనంత వరకు చెబుతాను, తప్పుంటే తను వచ్చి దిద్దుకుంటుంది. కంప్యూటర్‌లో అన్నిటికన్నా లోపల కెర్నల్ అని ఒకటుంటుంది. యాప్‌లన్నీ వీధిలో తిరిగే జనం. ఒక యాప్ పడిపోతే అదొక్కటే పడుతుంది, దుమ్ము దులుపుకుని లేస్తుంది. కెర్నల్ పడిందంటే మాత్రం ఉన్నదంతా ఉన్న పళంగా ఆరిపోతుంది. తెర మీద బొమ్మలూ అక్షరాలూ గీసే డ్రైవర్ అనే ప్రోగ్రాము ఆ కెర్నల్‌లోనే కూర్చుంటుంది. బయటి నుంచి ఏదో ఒక యాప్ వచ్చి, "ఇన్ని వరసలు గీయి" అంటుంది. అన్ని వరసలకు తెర మీద చోటుందా లేదా అని డ్రైవర్ చూసుకోవాలి. లేకపోతే కుదరదని తిప్పి పంపాలి. వచ్చినవాణ్ణి నమ్మి గీసుకుంటూ పోయిందంటే, హద్దు దాటి పక్కవాళ్ళ మెమరీని తొక్కేస్తుంది, ఇక అంతా కూలుతుంది. ఆ డ్రైవర్ రాసేది మా కృత్తిక. సింగానల్లూరులో మూతపడిన మిల్లు వెనక గోదాములో ఒక చిన్న కంపెనీ ఉంది. సంతల్లో, బస్టాండుల్లో పెట్టే పెద్ద పెద్ద లైట్ల బోర్డులు చేస్తారు. డ్రైవర్ తనది, ఫోన్‌లో వాడే యాప్ ఉదయకుమార్ అనే కుర్రాడిది. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర పని, ఒకే టిఫిన్ డబ్బాలో చేతులు.

వాళ్ళ బోర్డుల్లో అన్నిటికన్నా పెద్దది ఒట్టన్‌చత్రం కూరగాయల మార్కెట్టులో పెట్టారు. అక్కడ మండీలుంటాయి, అంటే రైతు తెచ్చిన సరుకును వేలం వేసి అమ్మిపెట్టే కొట్లు. ప్రతి మండీవాడూ ఆ రోజు ధరలు ఫోన్‌లో నొక్కితే గేటు పైన బోర్డు మీద పడతాయి. రైతు బండి దిగకముందే తలెత్తి చూసుకోవచ్చు. పెట్టిన రోజు కృత్తిక కాళ్ళు నేల మీద ఆనలేదు. ఇంటికొచ్చి తక్కాళి ధర, అదే టమాటా ధర, మునక్కాయ ధర పాటలాగా పాడింది, ఆ బొంగురు గొంతుతోనే.

ఆ తర్వాత బోర్డు ఆరిపోవడం మొదలుపెట్టింది.

ఊరికే ఉన్న రోజు ఆరదు. ముహూర్తాల సీజనులో, కేరళ లారీలు బారులు తీరి, మార్కెట్టు కిటకిటలాడే పొద్దునే ఆరుతుంది. దానితోపాటు, దాన్ని నడిపే కంప్యూటర్ పెట్టెకే తగిలించిన తూకం మిషన్ల అంకెలూ, వేలం గంటా అన్నీ గప్‌చిప్. పైగా కంపెనీలో అలాంటి బోర్డే పెట్టుకుని ఎంత తన్నినా ఆరదు! కృత్తిక తన డ్రైవర్‌ను ఈ చివర నుంచి ఆ చివరికి చదివింది. వరసలు లెక్కపెట్టి, ఎక్కువైతే తిప్పి పంపే చెకింగు పెట్టే ఉంది. దొంగ ఎటు నుంచి వస్తున్నాడో తెలియలేదు. మా అత్తగారు ఎండుమిరపకాయలతో లాప్‌టాప్‌కు దిష్టి తీసింది. ఆ ఘాటుకు ఇల్లంతా దగ్గి చచ్చాం. బోర్డు ఆ వారమే మళ్ళీ ఆరింది.

అప్పుడు మండీల సంఘం అధ్యక్షుడు తిరువేంగడం ఫోన్ చేశాడు. ఆయన మనవాళ్ళే, నాయుడే, నల్లరేగడి సేద్యం నుంచి వచ్చిన మనిషి, గొంతు చేనికి ఆ చివర ఉన్నవాణ్ణి పిలిచినట్టుంటుంది. ఫోన్ స్పీకర్‌లో పెట్టకపోయినా మేమందరం విన్నాం.

"అమ్మిణీ, నీ మీద కోపం లేదు. కానీ ఇంకొక తూరి ఆరిందంటే దించేస్తాము. పాత నల్లబల్ల గోదాములో ఉండనే ఉండాది. వచ్చే ముహూర్తం సంతకు నేనే వచ్చి బోర్డు కింద నిలబడతాను. ఆ దినం నిలిస్తే నిలిచినట్టు. లేకుంటే నువ్వే వచ్చి తీసుకొని పో."

"సరి పెద్దనైనా" అంది కృత్తిక. ఇంకేమంటుంది!

ఫోన్ పెట్టేసి గోడవైపు తిరిగి కూర్చుంది. తన బతుకులో తను కట్టిన అన్నిటికన్నా పెద్ద వస్తువు అది. దాన్ని తనే నిచ్చెన వేసి దించాలి. ఆ పిల్లను అలా వదిలేస్తే కుమిలిపోతుందని, "లే, బీన్సు తెద్దాం" అని చెయ్యి పట్టి లాక్కుపోయాను. వద్దనడం రాదు కదా, వచ్చింది.

మా వీధి మలుపులో చెల్లప్ప కూరగాయల బండి పెడతాడు. నాకూ చెల్లప్పకూ ఎప్పుడూ ఉండే తగాదా కొసరు దగ్గరే. కొసరు పడకపోతే నాకు కొన్నట్టే ఉండదు. ఆ రోజూ బీన్సు తూచాడు, సంచిలో పోశాడు. నేను సంచి మూతి తెరిచే పెట్టి నిలబడ్డాను.

"కొసురు ఏదీ?"

"నీకు వెయ్యకుండా నేను ఊర్లో ఉండగలనా అక్కా" అని గొణుక్కుంటూ ఒక కరివేపాకు రెబ్బ, నాలుగు పచ్చిమిరపకాయలు సంచిలో విసిరాడు.

కృత్తిక కెవ్వున అరిచింది. తేలు కుట్టిందేమో అనుకున్నాను.

"ఇంకొక తూరి వెయ్యండన్నా!"

"మళ్ళీనా?" అన్నాడు చెల్లప్ప, తెల్లబోయి. "మీ వదినను మించిపోతివే!"

"కొసురు కాదన్నా, తక్కెట్లో వెయ్యండి!" అని తనే సంచి లాక్కుని తక్కెట్లో పెట్టింది. ముల్లు ఇందాక ఉన్నచోట లేదు, కాస్త కిందికి దిగింది. ఉండదు మరి, మిరపకాయలు పడ్డాయి కదా. అది చూసి ఈ పిల్ల రోడ్డు మీద గంతులు! చెల్లప్ప మొహం మాత్రం మాడిపోయింది.

"ఏమ్మా, నేను ఏమారిచ్చినానని తూచి చూస్తా ఉండావా? మీ తాత కాలం నుంచి ఈ బండి ఉండాది ఇక్కడ!"

చుట్టూ నలుగురు మూగారు. నాకు తల కొట్టేసినట్టయింది. "అయ్యో చెల్లప్పన్నా, దీనికి బోర్డు పిచ్చి పట్టింది" అని బతిమాలుకుంటుంటే, కృత్తిక నా భుజాలు పట్టుకుని కుదిపేసింది.

"వదినా, తూచేటప్పుడు కొసురు లేదు! తూచినాక పడింది! తూచింది ఒకటి, సంచిలో పోయింది ఇంకొకటి! నా డ్రైవర్ కూడా ఇట్లనే మోసపోతా ఉండాది!"

బీన్సు సంచి తక్కెట్లోనే ఉండిపోయింది. ఆ పిల్ల అప్పటికే కంపెనీ దారి పట్టింది. వెనకాల నేను, చెప్పు తెగినా ఆగకుండా.

ఉదయకుమార్ బల్ల దగ్గర టీ తాగుతున్నాడు. నెమ్మదైన పిల్లాడు, ఎవరు ఏమడిగినా చేసిపెట్టే రకం. అంటే కృత్తికకు తోడు దొరికాడన్నమాట. నేను గుమ్మంలో రొప్పుతుండగానే ఇద్దరి మాటలూ మొదలయ్యాయి.

"ఉదయా, మండీవాళ్ళు ధరల కింద కొసురు వరస ఒకటి అడిగితే నేను సరి అంటిని కదా, తమ గుర్తు బొమ్మ పెట్టుకొనేదానికి. అది ఎప్పుడు వేస్తా ఉండావు?"

"చెక్ అయినాక."

"అయినాక అంటే?"

"బోర్డు నిండి ఉంటే నీ డ్రైవర్ ఆ ఒక్క వరస వద్దంటా ఉండాది. మండీవాళ్ళకు మనసు కష్టం కదా. అందుకని ముందు లెక్క సరిగ్గా చూపిస్తాను. అది సరి అంటానే, గీసేదానికి ముందర లెక్కను ఒకటి పెంచి, కొసురు అడుగున వేస్తాను. చాలా తూర్లు పడతా ఉండాది!" అన్నాడు, మెచ్చుకుంటుందని ఎదురు చూస్తూ. "తూకం అయినాక వేసేదే కదా కొసురు?"

కృత్తిక కుర్చీలో కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ కళ్ళ నీళ్ళు కార్చింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తరవాత నిదానంగా చెప్పింది. డ్రైవర్ లెక్కను రెండుసార్లు చూస్తోంది, చెక్ చేసేటప్పుడు ఒకసారి, గీసేటప్పుడు ఇంకోసారి. రెండుసార్లూ యాప్ చేతిలో ఉన్న అంకెనే చూస్తోంది. మధ్యలో ఆ రెప్పపాటులో యాప్ అంకె మార్చేస్తే, చెక్ అయింది ఒకటి, గీసేది ఒకటి. మార్కెట్టు రద్దీగా ఉండి బోర్డు నిండినప్పుడు ఆ ఒక్క వరస హద్దు బయట పడుతుంది. కెర్నల్ గుండె ఆగుతుంది. ఊళ్ళో అందరినీ సంతోషపెట్టాలని ఒకరు కొసరు ఒప్పుకుని, ఇంకొకరు దాన్ని దొడ్డిదారిన పంపి, ఇద్దరు మంచివాళ్ళు కలిసి మార్కెట్టును చీకటి చేశారు! దుర్మార్గులైతే ఇంత చక్కగా చేయలేరు.

మందు ఏమిటంటే, సంచి మూతి కట్టేసి ఆ తర్వాత తూచడం. యాప్ ఇచ్చిందంతా ముందు కెర్నల్ తన సొంత మెమరీలోకి ఒక్కసారి తెచ్చేసుకోవాలి. ఆ సొంత నకలునే చెక్ చేయాలి, దాన్నే గీయాలి. యాప్ చేతివైపు మళ్ళీ తిరిగి చూడకూడదు. ఆ తర్వాత బయట ఎవరు ఎంత కొసరు పోసినా అది బయటే ఉంటుంది.

ఉదయకుమార్ మొహం చిన్నబుచ్చుకున్నాడు. "అప్పుడు మండీవాళ్ళకు కొసురు లేదా?"

"ఉండాది. దాన్నీ లెక్కలో చేర్చి తూస్తాము. బోర్డులో ఇడం ఉంటే పడతది."

"తూచి వేస్తే అది కొసురు ఎట్లైతది?" అన్నాడు వాడు, నిజంగానే బాధపడి. కృత్తిక వాడి టీ గ్లాసు పక్కకు జరిపి లాప్‌టాప్ తెరిచింది.

మార్చిన డ్రైవర్‌ను కంపెనీ బోర్డు మీద పరీక్ష పెట్టారు. పరీక్షకు పనికొచ్చే మనుషులు మా ఇంట్లోనే ఉన్నారని నేను అందరినీ తోలుకొచ్చాను. మా ఆయన బోర్డుకు అడ్డం నిలువు పట్టనంత నీటి మోటారు బొమ్మ పంపాడు. కుదరదంది. నేను బోర్డులోనే లేని వరసలో బీన్సు ధర రాయమన్నాను. కుదరదంది. అత్తగారు ఫోన్‌ను రెండు చేతులతో పిసికి ఏం పంపిందో ఆ దేవుడికే తెలియాలి, దాన్నీ కుదరదంది. "నన్నే కాదంటదా ఇది? ఎవురి పెంపకం!" అని ఆమె అలిగింది. బోర్డు మాత్రం వెలుగుతూనే ఉంది. కృత్తిక గోదాములో ఆ మూల నుంచి ఈ మూలకు పరుగెత్తి, అలిగిన తల్లిని ఎత్తి ఒక చుట్టు తిప్పింది.

ముహూర్తం సంత రోజు తెల్లారేసరికి మేమిద్దరం ఒట్టన్‌చత్రంలో ఉన్నాం. తక్కాళి పెట్టెలు గోడలు కట్టినట్టున్నాయి. మునక్కాయల కట్టలు మనుషులంత పొడుగు. బోర్డు కింద తిరువేంగడం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పక్కన నిచ్చెన పట్టుకుని ఒక మనిషి కూడా ఉన్నాడు. అది చూసి కృత్తిక నా చెయ్యి ఎముకలు విరిగేలా పట్టుకుంది.

మా పక్కన మునక్కాయల కట్ట మీద ఒక పెద్దావిడ కూర్చుంది. రామక్కాళ్ అట పేరు, ఎంతో దూరం నుంచి తన తోట సరుకు తనే తెస్తుందట. నిచ్చెనను చూసి, "దించేస్తారా ఏమి దాన్ని?" అని అడిగింది. ఆరకపోతే దించరని చెప్పాను.

"ఇది లేనప్పుడు ఒక్కొక్క మండీకి ఒక్కొక్క ధర చెప్తా ఉండిరి" అంది ఆమె. "పెద్ద మనుషులు కదా, కాదని ఎట్ల అనేది? ఇచ్చింది తీసుకొని పోతా ఉంటిమి."

వేలం మొదలైంది. ధరలు వరసగా ఎక్కాయి, బోర్డు నిండింది. మండీవాళ్ళు అలవాటుగా తమ కొసరు నొక్కారు. ఫోన్లన్నీ ఒక్కసారిగా కీచుమన్నాయి. "చోటు లేదు, కుదరదు." బోర్డు రెప్ప కూడా వేయలేదు. ఒకడు మళ్ళీ నొక్కాడు. ఇంకొకడు పందెం కట్టినట్టు తన కూతురి డాన్సు ఫోటో పంపాడు. ఇంకొకడు బెండకాయ పేరును ఆపకుండా నొక్కుతూనే పోయాడు. కుదరదు, కుదరదు, కుదరదు! జనం ఈలలు వేశారు. నేను కూడా వేశాను. ఇంటికొచ్చి ఒప్పుకోలేదనుకోండి.

తిరువేంగడానికి కూడా సరదా పుట్టింది. మీసం దువ్వుకుని, తలపాగాతో తీయించుకున్న తన ఫోటో పంపాడు. ఫోన్ కీచుమంది. బోర్డుకన్నా పెద్దది, కుదరదు. ఈలలు ఆగిపోయాయి. ఆయన మళ్ళీ నొక్కాడు. మళ్ళీ కుదరదు. ఎర్రబడ్డ మొహంతో కృత్తికను వేలితో పిలిచాడు.

"అమ్మిణీ, ఈ మార్కెట్టులో నా బొమ్మకు ఇడం లేదా? ఏదో చెకింగు పెట్టినావంట, అందరికీ ఉండనీ. నాకు మాత్రం తీసెయ్యి. ఇప్పుడే తీసెయ్యి."

కృత్తిక చేతిలో లాప్‌టాప్ ఉంది. తీయడం తనకు చిటికెలో పని. తీస్తే ఆ ఫోటో లోపలికి పోతుంది, బోర్డు ఆరుతుంది, నిచ్చెన లేస్తుంది. తీయకపోతే ఆయనకు కోపం వచ్చి, అప్పుడూ నిచ్చెన లేస్తుంది. ఈ పిల్లను నేనెరుగుదును. కోడిపుంజును ఇచ్చినా తీసుకునే మనిషి. ఇప్పుడు "సరి పెద్దనైనా" అంటుంది, అనేస్తుంది, దేవుడా!

కృత్తిక పెదవులు తడుపుకుంది.

"కుదరదు పెద్దనైనా."

గొంతు దారం పోగంత ఉంది. అయినా అందరికీ వినబడింది.

"ఏమంటివి?"

"కుదరదు. ఆ చెకింగు మిమ్మల్ని చూసి పెట్టింది కాదు, మీకోసం తీసేదానికి. మీకొక్కరికి తీస్తే అది చెకింగే కాదు. నేను పంపినా ఇట్లనే తిరుప్పి పంపిస్తది. బొమ్మను చిన్నగా చేసి పంపండి, పెడతది."

"నిన్ను కూడా కాదంటదా?"

"ఆమా పెద్దనైనా. నన్ను కూడా."

మార్కెట్టంతా ఆయన మొహమే చూస్తోంది. నిచ్చెన పట్టుకున్న మనిషి అటూ ఇటూ చూశాడు. అప్పుడు మా పక్క నుంచి రామక్కాళ్ మునక్కాయల కట్ట మీద లేచి నిలబడింది.

"ఉండనీ నాయుడా ఆ బోర్డును!" అని కేకేసింది. "నిన్నే కాదన్నది! ఇంక నన్ను ఏమారిచ్చేది ఎవురు?"

సంచులు మోసేవాళ్ళు ముందు చప్పట్లు కొట్టారు. తరవాత రైతులు. తరవాత, దిక్కులేక మండీవాళ్ళు కూడా. తిరువేంగడం బోర్డువైపు చూశాడు, రామక్కాళ్‌వైపు చూశాడు, చేతిలో ఫోన్‌వైపు చూసుకున్నాడు. మెల్లగా మీసాల కింద నవ్వు బయటికొచ్చింది. నిచ్చెన మనిషిని పొమ్మని చెయ్యి ఊపాడు.

"ఉండాది, ఉండాది. ఎక్కడికి పోతది? అమ్మిణీ, ఆ బొమ్మను చిన్నది చేసేది ఎట్లనో చూపించు ముందు."

కృత్తిక చూపించింది. ఆయన బొమ్మ తక్కాళి ధర పక్కన బొటనవేలంత వచ్చింది. దానికే ఆయన పదిమందిని పిలిచి చూపించాడు. నాకు ఆనందంతో ఏడుపొచ్చి, ఎవరూ చూడకుండా కొంగుతో ముక్కు తుడుచుకున్నాను. కృత్తిక వచ్చి నా పక్కన మునక్కాయల కట్ట మీద కూలబడింది.

"వదినా, నేను కాదంటిని కదా?"

"అంటివి."

"ఆయనకు కోపం రాలేదు కదా?"

"రాలేదు."

తలెత్తి బోర్డు మీద ఆ బొటనవేలంత బొమ్మను చూసుకుంది.

"అంత కష్టంగా లేదు వదినా" అంది, కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకుని.